చలువ దాచిన నాలుగు వందల ఏళ్ళు

మే నెలలో చంద్రపూర్‌లో దిగి జట్‌పురా గేటు దాటి ఊళ్ళోకి నడిస్తే మొదట కళ్ళకు ఆనేవి నీళ్ళ కుండలే. షాపుల ముందు, వేప చెట్ల కింద, తడిగుడ్డ చుట్టుకుని వరసగా కూర్చుని ఉంటాయి. ఆ ఏర్పాటును మరాఠీ వాళ్ళు పాణపోయి అంటారు, మనం చలివేంద్రం అంటాం. కుండకు మాత్రం సరిహద్దుకు ఇరువైపులా దాదాపు ఒకటే పేరు. వాళ్ళు రాంజణ్ అంటే ఆదిలాబాదు వాళ్ళు రంజన్ అంటారు. పక్కనున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నదే కదా. పాతకాలపు తెలుగువాళ్ళ నోట ఈ ఊరు ఇప్పటికీ చాందాయే. చైత్రమాసంలో మహాకాళి జాతరకు తెలంగాణ పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చిన ఊరు, బల్లార్షా బొగ్గుగనుల్లో పనికోసం కరీంనగర్, ఆదిలాబాదుల నుంచి కుటుంబాలు తరలివచ్చి స్థిరపడిన ఊరు.

ఎండకు కూడా పేరున్న ఊరే. 2019 మే చివర్లో ఇక్కడ పాదరసం 48 డిగ్రీల దాకా పోయింది. దేశంలోని అతి వేడి పట్టణాల జాబితాలో చాందా పేరు కనబడని వేసవి అరుదు. ఈ ఊరి పొలిమేరలోనే 2,920 మెగావాట్ల సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన కరెంటు 750 కిలోమీటర్లకు పైగా సాగే ఒక ప్రత్యేక లైను మీద ముంబై దగ్గరి పడఘేకు వెళుతుంది. భద్రావతి దగ్గరి మరో కేంద్రం ఈ ప్రాంతపు గ్రిడ్డును మన రామగుండంతో కలుపుతుంది. ఎక్కడో ఒక గది చల్లబడటానికి ఇక్కడ బొగ్గు మండుతుంది. అందుకే చల్లదనాన్ని దాచుకోవడం అనే విద్య గురించి రాయాలనుకున్నప్పుడు ఈ ఊళ్ళో నిలబడి వెనక్కి చూడటం న్యాయమనిపించింది.

దాచుకోవడం అన్నాను. చల్లబరచడం వేరు, చల్లదనాన్ని దాచడం వేరు. కుండ నీళ్ళను చల్లబరుస్తుంది. మట్టి చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. కిటికీలకు కట్టే వట్టివేళ్ళ తడికలదీ అదే పని. విదర్భలో ఇంటింటా మోగే కూలరుదీ అదే పని. ఏప్రిల్ రాగానే కూలరు గడ్డి మార్చడం ఇక్కడ పండగ ముందు ఇల్లు కడుక్కోవడం లాంటిది. పొడిగాలి ఉన్నన్నాళ్ళూ అది బంగారమే, తొలకరి పడి గాలిలో తేమ చేరాక మాత్రం ఉత్త ఫ్యాను. పైగా ఈ మూడింటిలో ఏదీ రేపటికి ఏమీ మిగల్చదు. రాత్రి చల్లదనాన్ని పగటికి, పుష్యమాసపు చలిని వైశాఖానికి మూటగట్టి ఇవ్వాలంటే కరిగి గడ్డకట్టే వస్తువు ఒకటి చేతిలో ఉండాలి. మనిషికి మొదట దొరికిన అలాంటి వస్తువు మంచు.

మన దేశంలో దాని గురించిన వివరమైన రాత అక్బరు కాలానిది. అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో నీళ్ళు చల్లబరచడానికి సూరేకారం వాడే పద్ధతి ఉంది. తుపాకిమందులో వేసే ఆ ఉప్పును నీళ్ళలో కలిపితే అది కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఆ నీళ్ళలో మూతిబిగించిన తాగునీటి పాత్రను తిప్పేవారు. 1586 ప్రాంతంలో దర్బారు లాహోరుకు మారాక కొండల నుంచి మంచే నేరుగా రావడం మొదలైంది. నదిమీద పడవల్లో, రోడ్డుమీద మనుషుల భుజాల మీద దిగేది. ఏడాది పొడవునా వాడుకోవడం మాత్రం శ్రీమంతులకే చెల్లింది. చలువ చరిత్రలో ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొత్త పద్ధతి ప్రతిదీ మొదట మేడల్లోకి వెళ్ళింది, వీధిలోకి రావడానికి తరాలు పట్టింది.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది అలహాబాదు మంచు. అక్కడ మంచు కొండలు లేవు, చలికాలపు రాత్రి కూడా గాలి సున్నాకు దిగడం అరుదు. అయినా మంచు పండించారు. సర్ రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ విధానాన్ని ఉన్నదున్నట్టు రాశాడు. మైదానంలో ముప్ఫై అడుగుల చదరం, రెండడుగుల లోతున గుంటలు తవ్వేవారు. అడుగున చెరకు పిప్పో ఎండు జొన్న దంట్లో మందంగా పరిచేవారు. దానిమీద అంగుళం పైచిలుకు లోతున్న మట్టి మూకుళ్ళను పక్కపక్కనే పేర్చి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసేవారు. నిర్మలమైన ఆకాశం, గాలి కదలని రాత్రి కావాలి. కింది దంట్లు నేలవేడిని ఆపుతాయి, పైన తెరిచిన ఆకాశంలోకి నీటి వేడి వెళ్ళిపోతుంది, మూకుడు చెమ్మ కొంత వేడిని తీసుకుపోతుంది. తెల్లవారకముందే కూలీలు వచ్చి మూకుళ్ళలోని పలుచటి మంచు బిళ్ళలను ఏరి, లోతైన గోతిలో గడ్డి, కంబళ్ళ మధ్య కొట్టి దట్టించేవారు. అది వేసవి దాకా ఉండేది. పల్లె కుమ్మరి చేసిన మూకుడు, చేలో మిగిలిన దంటు, ఆకాశం. ఇంకేమీ లేవు. రాత్రిపూట ఆకాశంలోకి వేడిని వదిలే పైపూతల మీద ఈ రోజు ప్రయోగశాలల్లో జరుగుతున్న పనికి ఈ మూకుళ్ళే పూర్వీకులు. ఆ కూలీల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

తర్వాతి అంకం సముద్రం మీద నడిచింది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ న్యూ ఇంగ్లండు చెరువుల మీద శీతాకాలంలో గడ్డకట్టిన మంచును రంపాలతో కోయించి, రంపపు పొట్టులో కప్పి ఓడలకెక్కించాడు. 1833 మే నెలలో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బయలుదేరి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరింది. సుమారు వంద టన్నులు కరగకుండా మిగిలింది! 1840ల మొదట్లో మద్రాసు తీరాన కూడా ఆ మంచు దాచడానికి గుండ్రటి గోడల కట్టడం ఒకటి లేచింది. తెలుగువాళ్ళకు అది తెలిసిన చోటే. మెరీనా ఎదుట ఐస్ హౌస్ అని పిలిచేది దాన్నే. 1897లో స్వామి వివేకానంద బస చేసింది అక్కడే, అందుకే ఇప్పుడు దాని పేరు వివేకానందర్ ఇల్లం. అప్పటికే మంచు ఓడల కాలం అయిపోయింది. ఆవిరియంత్రంతో నడిచే మంచు ఫ్యాక్టరీలు ఊళ్ళోనే లేచాక సముద్రం దాటి వచ్చే మంచును కొనేవాడు లేకపోయాడు.

కలకత్తా దాకా ఆ మంచు ఎలా మిగిలిందో అర్థం కావాలంటే పదో తరగతి పుస్తకం తెరవాలి. ఉష్ణం పాఠంలో గుప్తోష్ణం అని ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన వాళ్ళందరం ఆ మాట బట్టీ పట్టాం. గ్రాము మంచు సున్నా డిగ్రీల దగ్గర కరగడానికి 80 కెలోరీలు. దీన్ని మొదట పసిగట్టినవాడు గ్లాస్గోలో పాఠాలు చెప్పిన జోసెఫ్ బ్లాక్, 1761 ప్రాంతంలో. వసంతం వచ్చి ఎండ కాస్తున్నా స్కాట్లండు కొండల మీద మంచు వారాల తరబడి ఎందుకు నిలుస్తోందన్నది ఆయన ప్రశ్న. కరగడానికి ఏ కొంచెం వేడో చాలేట్టయితే ఒక్క రోజులో కొండలన్నీ వరదై ఊళ్ళను ముంచెత్తేవి. అలా జరగడం లేదంటే, కరిగేటప్పుడు మంచు బోలెడంత వేడిని తాగేస్తోంది, తాగుతూ కూడా థర్మామీటరులో ఒక్క గీత పైకి రానివ్వడం లేదు. దాగి ఉండే వేడి కాబట్టి దానికి గుప్తోష్ణం అని పేరు.

ఆ 80 కెలోరీలు ఎంతో చూడండి. కిలో మంచు కరగడానికి పట్టే వేడితో, అదే కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. చల్లదనాన్ని దాచే విద్య అంతా ఈ ఒక్క నిజం చుట్టూనే తిరుగుతుంది. చాందాలో ఏసీ షాపుకు వెళ్ళి ధర అడిగితే, ఒక టన్నా ఒకటిన్నర టన్నా అని అడుగుతారు. టన్ను అంటే మిషను బరువు కాదు. రోజుకు ఒక అమెరికన్ టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు కరిగితే ఎంత చల్లదనం వస్తుందో అంత. ఓడల మీద మంచు అమ్మిన కాలపు కొలత మన గోడకున్న ఏసీ మీద ఇంకా బతికే ఉంది. ఒకటిన్నర టన్ను ఏసీ ఎనిమిది గంటలు నిండుగా నడిస్తే ఇచ్చే చల్లదనం సుమారు 450 కిలోల మంచులో ఇమిడిపోతుంది. అదే చల్లదనాన్ని పది డిగ్రీల తేడాతో మామూలు చల్లటి నీళ్ళలో దాచాలంటే 3,600 లీటర్లు కావాలి. మంచుకైతే మీటరు పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తున్న పెట్టె చాలు. నీళ్ళకు మేడమీద పెద్ద సింటెక్సు ట్యాంకులు రెండు మూడు పెట్టాలి.

ఇరవయ్యో శతాబ్దం ఐసు ఫ్యాక్టరీది. అమ్మోనియా కంప్రెసరు దడదడలాడుతుంటే, సున్నాకు పది డిగ్రీల కిందికి దించిన ఉప్పునీటి తొట్టెలో పొడవాటి రేకు డబ్బాలు మునిగి ఉంటాయి. మంచు డబ్బా అంచుల నుంచి లోపలికి కడుతూ వస్తుంది, నీటిలోని గాలిని, ఉప్పులను మధ్యకు నెట్టుకుంటూ పోతుంది. అందుకే ఐసు దిమ్మ చుట్టూ గాజులా ఉండి నడుమ మాత్రం పాలరంగు చార ఉంటుంది. పొట్టు చల్లి గోనె కప్పిన ఆ దిమ్మలు రిక్షా మీద నీళ్ళు కారుస్తూ వెళుతుంటే పిల్లలు వెంటపడి ముక్కలు ఏరుకోవడం మన ప్రతి ఊరి జ్ఞాపకం. పెళ్ళి పందిట్లో నీళ్ళ డ్రమ్ములో పడేది ఆ దిమ్మే. దూరదేశం నుంచి కొడుకు వచ్చేదాకా తల్లి దేహం చుట్టూ పేర్చేదీ ఆ దిమ్మే. భీమవరం, ఆకివీడు, కైకలూరు చేపలు చూర ఐసు పొరల మధ్య హౌరా దాకా, అస్సాం దాకా ప్రయాణించేదీ దాని బలం మీదే. మన దేశపు చల్లదనపు చరిత్రలో ఎక్కువ భాగం మోసింది గోనె కప్పిన ఈ దిమ్మ. దాని మీద పుస్తకాలు రాకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

రైళ్ళ మాట కూడా చెప్పాలి. 1934లో ఫ్రాంటియర్ మెయిలుకు తొలి ఏసీ పెట్టె తగిలించినప్పుడు అందులో చల్లబరిచే యంత్రం లేదు. పెట్టె అడుగున మూసిన అరల్లో ఐసు దిమ్మలు పెట్టి, వాటిమీదుగా ఫ్యానుతో గాలి లోపలికి పంపేవారు. దారిలో స్టేషన్లలో మళ్ళీ ఐసు నింపేవారు. ఐసు ఒకచోట తయారై, మరోచోట, మరో గంటలో ఖర్చయింది. ఈనాటి ఇంజనీర్లు ఉష్ణ నిల్వ అని ఖరీదైన మాటల్లో చెప్పేది సరిగ్గా ఇదే.

అయితే మంచుకు ఒక చిక్కుంది. అది సున్నా దగ్గరే కరుగుతుంది. మనిషికి కావలసింది 25, పాలకు నాలుగు, కొన్ని మందులకు రెండుకు తక్కువ కాకుండా, ఎనిమిదికి మించకుండా. సున్నాలో కాక మనం చెప్పిన డిగ్రీలో కరిగేది ఏదైనా ఉంటే? దశ మారే పదార్థాల కథ ఈ ప్రశ్నతో మొదలైంది. పీసీఎం అని ఇంజనీర్లు ముద్దుగా పిలిచేది వీటినే.

దీనికి ఒక తల్లి ఉంది. ఆమె పేరు మరియా తెల్కేష్. 1900లో బుడాపెస్టులో పుట్టి, అమెరికాలో ఎంఐటీలో పనిచేసింది. 1948లో బోస్టన్ దగ్గర డోవర్ అనే ఊళ్ళో ఒక ఇల్లు ఎండతోనే వెచ్చబడేలా కట్టించింది. డబ్బిచ్చినది అమీలియా పీబడీ అనే శిల్పి, ఇల్లు గీసినది ఎలినార్ రేమండ్ అనే ఆర్కిటెక్టు. ముగ్గురూ ఆడవాళ్ళే. పగలు ఎండను పట్టి దాచడానికి ఆమె ఎంచుకున్నది 21 టన్నుల గ్లాబర్ ఉప్పు. అది 32 డిగ్రీల దగ్గర తన ఒంట్లోని నీళ్ళలో తానే కరిగిపోతుంది, చల్లబడితే మళ్ళీ గడ్డకడుతూ దాచిన వేడిని గదికి తిరిగిస్తుంది. మొదటి శీతాకాలాలు బాగానే గడిచాయి. తర్వాత ఉప్పు మొరాయించింది. కరిగిన ప్రతిసారీ బరువైన భాగం అడుగుకు దిగి, నీళ్ళు పైన తేలి, రెండూ మళ్ళీ సరిగా కలవడం మానేశాయి. డబ్బాలు తుప్పు పట్టి కారాయి. చివరకు ఆ ఏర్పాటును తీసేసి మామూలు పొయ్యి పెట్టుకున్నారు.

ఆ ఓటమిలోనే ఈ రంగపు చదువంతా ఉంది. ఉప్పు కట్టాల్సిన డిగ్రీకి దిగినా కట్టకుండా ద్రవంగానే మొండికేయడం ఇంకో జబ్బు. ఆమె దానికి పట్టిన మందు వెలిగారం. చిటికెడు వెలిగారం గింజలు వేస్తే, పాలలో తోడు చుక్కలా, వాటిని పట్టుకుని ఉప్పు గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఆమె అక్కడ ఆగలేదు. 1970లలో డెలవేర్ విశ్వవిద్యాలయంలో 13 డిగ్రీల దగ్గర కరిగే ఉప్పు మిశ్రమాన్ని తయారుచేసింది, ఈసారి వేడికి కాదు, చల్లదనాన్ని దాచడానికి. ఆ దశాబ్దం మొదట్లోనే, 1971లో అపోలో 15 చంద్రుడి మీదికి తీసుకెళ్ళిన బండిలో, పరికరాల వేడిని పీల్చడానికి మైనం పెట్టెలు అమర్చారు. మైనం ఉప్పులా విడిపోదు, తుప్పు పట్టించదు. కానీ మండుతుంది, వేడిని మెల్లగా తీసుకుంటుంది, ధర ఎక్కువ. ఈ మంచి చెడ్డల బేరం ఈనాటికీ తెగలేదు. ఏదో ఒక ఉప్పు, ఏదో ఒక నూనె, ఏదో ఒక మైనం. అన్ని గుణాలూ ఒక్కచోట ఉన్నది ఇంకా దొరకలేదు. మంచు అంత చవక, మంచు అంత మంచిది మాత్రం మళ్ళీ మంచే.

మన తెలుగునాట ఈ విద్య ప్రాణాలు నిలబెట్టే పనికి వచ్చింది టీకాలతో. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారి నాయకత్వంలో షాన్‌వాక్-బి విడుదల చేసింది. దేశంలో జన్యు సాంకేతికతతో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా అది. విదేశీ టీకాల ధరను నేలకు దించిన ఆ సీసాకు ఒక శత్రువు వేడి అయితే, అంతకన్నా పెద్ద శత్రువు గడ్డకట్టడం. సున్నాకు దిగి ఒక్కసారి గట్టిపడితే అది ఇక పనిచేయదు. అంటే కాపాడటానికి పెట్టిన మంచే చంపగలదు. గ్రామంలో నర్సమ్మ నేర్చుకునే మొదటి పాఠం ఇదే. ఫ్రీజరు నుంచి తీసిన ఐసు ప్యాకులను వెంటనే టీకా క్యారియర్‌లో పెట్టకూడదు. బల్ల మీద పరచి, పైన చెమటలు పట్టేదాకా ఆగాలి. తర్వాత ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లోపల మంచు ముక్క కదిలి నీళ్ళ చప్పుడు వినబడితే అది సున్నా దగ్గరకు వచ్చినట్టు. అప్పుడే నాలుగు ప్యాకులు నాలుగు వైపులా పెట్టి మూత వేయాలి. అనుమానం వస్తే సీసానే ఊపి పక్కన పెట్టి, అడుగున గసి ఎంత తొందరగా దిగుతుందో చూడటం మరో పరీక్ష. జివతి కొండల గోండు గూడేలకైనా, ఉట్నూరు గూడేలకైనా మూత వేసిన పెట్టెతో నడిచి వెళ్ళిన ఆ మనుషుల చేతుల్లో జోసెఫ్ బ్లాక్ సిద్ధాంతం ఉంది. 2014 మార్చి 27న దేశానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చిందంటే, దాని వెనక ఎన్ని లక్షల ఐసు ప్యాకులు కరిగి ఉంటాయో ఊహించుకోండి.

అయిదారు డిగ్రీల దగ్గర కరిగే మైనం ప్యాకులు ఈ ఊపి చూసే బాధను తప్పిస్తాయి. వాటి చలి సీసాను గడ్డకట్టించలేదు. పీసీఎం అసలు విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. గుర్గావ్‌కు చెందిన ప్లస్ అనే సంస్థ వెల్లూరు సీఎంసీతో కలిసి తెచ్చిన మీరా క్రేడిల్ అలాంటిదే. పుట్టగానే ఊపిరందక మెదడు దెబ్బతినే ప్రమాదంలో పడిన శిశువు ఒంటిని 33, 34 డిగ్రీల మధ్య మూడు రోజులు, అంటే 72 గంటలు ఉంచాలి. లక్షలు పోసే యంత్రం లేని ఆసుపత్రిలో ఆ పనిని కరిగే పదార్థం నింపిన పరుపు చేస్తుంది. పాల దగ్గరికి వస్తే, పుణేలో పనిచేస్తున్న ప్రోమీథియన్ సంస్థ కరెంటున్న గంటల్లో చలువను దాచుకుని, కరెంటు లేని గంటలో పితికిన పాలను వెంటనే చల్లబరిచే యంత్రాలు చేసింది. అదే పుణేకు చెందిన ఎకోజెన్ రైతు పొలం దగ్గర సోలారుతో నడిచే శీతల గది పెట్టింది, రాత్రికి బ్యాటరీలు కాక చలువనే నిల్వ చేసుకునే గది. ఇవన్నీ నిలబడ్డాయి. ఎందుకంటే పాలు పితికే గంట తెలుసు, టీకా రోజు తెలుసు, శిశువుకు కావలసిన డిగ్రీ తెలుసు. దాచినది ఎప్పుడు, ఎంత ఖర్చవుతుందో ముందే తెలిసిన చోట ఈ విద్య ఓడిపోలేదు.

ఓడిపోయినది, ఎక్కువ గొప్పలు చెప్పుకున్నది ఇళ్ళ గోడల్లో. గోడలో, కప్పులో 25 డిగ్రీల దగ్గర కరిగే పదార్థం నింపితే పగలు వేడి తాగి రాత్రి వదిలేస్తుందని, కరెంటే అక్కర్లేదని చాలా రాశారు. చల్లటి రాత్రులున్న దేశాల్లో అది నిజం. చాందాలో నిజం కాదు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, అలమరలో కొబ్బరినూనె సీసా చాలు. కొబ్బరినూనె 24 డిగ్రీల చుట్టుపక్కల గడ్డకడుతుంది. మనందరి ఇళ్ళలో ఉన్న పీసీఎం అదే. డిసెంబరులో ఉదయం సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు, మధ్యాహ్నానికి కరిగిపోతుంది. ఆ రోజుల్లో ఆ గోడ కూడా చక్కగా పనిచేస్తుంది. మే నెలలో ఏ అర్ధరాత్రి లేచి చూసినా సీసాలో నూనె నీళ్ళలా కదులుతూనే ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ ఆ నెల రాత్రుళ్ళు సగటున 28, 29 డిగ్రీలకు తక్కువ దిగవు. రాత్రి గడ్డకట్టని పదార్థం పగలు ఏం తాగుతుంది? చల్లదనం ఎక్కువ కావలసిన నెలలోనే గోడ ఖాళీ డబ్బాలా నిలబడుతుంది. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరు కాబట్టి కొనేవాళ్ళు తెలుసుకోవాలి.

కాబట్టి చాందాలో చల్లదనాన్ని యంత్రంతో తయారుచేసి దాచాల్సిందే. ప్రశ్న ఎప్పుడన్నదే. 46 డిగ్రీల మధ్యాహ్నం వేడిని బయటికి తోయడానికి పడే శ్రమ, 30 డిగ్రీల రాత్రి తోయడానికి పడే శ్రమ ఒకటి కాదు. ఆదర్శ యంత్రం లెక్కలో, ఒకే చల్లదనానికి రాత్రి అయ్యే కరెంటు పగటి దానిలో అయిదింట మూడొంతులే. కానీ మంచు చేయాలంటే యంత్రం సున్నాకు బాగా కిందికి దిగాలి, దాంతో ఆ లాభం దాదాపు అంతా అక్కడే పోతుంది. ఎనిమిది పది డిగ్రీల దగ్గర కరిగే ఉప్పు మిశ్రమం అయితే లాభంలో మంచి భాగం మిగులుతుంది. తెల్కేష్ 13 డిగ్రీల ఉప్పు వెనక ఉన్నది ఈ ఆలోచనే.

సోలారు వచ్చాక లెక్క మరోవైపు కూడా తిరిగింది. 2024 మే 30న దేశపు విద్యుత్ డిమాండు 250 గిగావాట్లకు చేరింది. మధ్యాహ్నం సోలారు ఆదుకుంటుంది, కానీ సూర్యుడు దిగాక కూడా ఏసీలు, కూలర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ సాయంత్రపు భారాన్ని మోసేది చాందా లాంటి బొగ్గు కేంద్రాలే. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం సోలారు గంటల్లో కరెంటు 10 నుంచి 20 శాతం చవక, గిరాకీ గంటల్లో ప్రియం. మధ్యాహ్నం చవక కరెంటుతో గడ్డకట్టించి, సాయంత్రం కరిగించుకోవచ్చు. కరెంటు పోయినా నష్టం లేదు, చిన్న ఫ్యాను తిరిగితే చాలు, చల్లగాలి వస్తుంది. 2019లో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక అంచనా ప్రకారం ఇరవై ఏళ్ళలో మన చల్లదనం అవసరం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అదంతా గంటకు గంట కరెంటుతోనే తీర్చాలంటే ఇంకెన్ని చాందాలు తవ్వాలో!

వెనక్కి చూసినంతలో నాకు అర్థమైనది ఇది. అక్బరు లాహోరు నుంచి కలకత్తా దొరల బల్లల దాకా దాచిన చలువ మొదట ఉన్నవాళ్ళకే అందింది. ఆ వరస తిరగబడింది ఒక్క టీకా పెట్టెతోనే. అది పేద బిడ్డ దగ్గరికి ముందు వెళ్ళింది. ప్రభుత్వం అలా వెళ్ళాలని పట్టుబట్టింది కాబట్టి వెళ్ళింది. చాందాలో కూడా అలా పట్టుబట్టవచ్చు. డబ్బు లేదనడానికి వీల్లేదు. 2015 నుంచి గని తవ్విన ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ఉంది, గనుల వల్ల నష్టపోయిన జనం కోసమే ఆ నిధి. ఓపెన్‌కాస్టు గని అంచున డంపర్ డ్రైవర్లు నీడకు కూర్చునే షెడ్డు, రాజురా, జివతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వడదెబ్బ రోగులను పడుకోబెట్టే గది, బస్టాండులో కూలీలు ఆగే చోటు. వీటిలో ఒక్కో గదికి 450 కిలోల మంచు పట్టే పెట్టె, కప్పు మీద సోలారు పలకలు, ఒక చిన్న కంప్రెసరు చాలు. ముందుగా వడదెబ్బ గదితో మొదలుపెట్టండి. జిల్లా ఖనిజ నిధి కమిటీలో కూర్చునే ప్రజాప్రతినిధులకు, బల్లార్షా, ఘుగ్గుస్ కాలనీల తెలుగు సంఘాలకు, గని కార్మిక యూనియన్లకు నా మనవి ఇదే. వచ్చే మార్చిలోగా ఆ గదుల జాబితా తయారుచేసి కలెక్టరు గారి బల్ల మీద పెట్టండి. ఏప్రిల్ వస్తే ఇక్కడ ఆలస్యమైపోతుంది.